ఇరవై మూడో ఫ్రేము

హాస్టల్ రెండో అంతస్తులో పదకొండో నంబరు గది. రెండు మంచాలు, ఒక టేబులు, ఒక కెటిల్. కిటికీ పక్క మంచం ఫోటోగ్రఫీ చదివే అమ్మాయిది. తలుపు పక్క మంచం నర్సింగ్ చదివే అమ్మాయిది. హాస్టల్లో మొదటి అమ్మాయిని కెమెరా అనీ, రెండో అమ్మాయిని సూది అనీ పిలిచేవాళ్ళు. వార్డెన్ కూడా హాజరు పట్టీలో తప్ప వాళ్ళ అసలు పేర్లు వాడేది కాదు.

ఇద్దరూ పొద్దున కెటిల్లో గుడ్లు ఉడకబెట్టుకునేవాళ్ళు. ఎన్ని నిమిషాలు ఉడకాలో కెమెరా చెప్పేది. ఫిల్ము కడగడానికి బాత్‌రూమునే వాడుకునేది. తలుపు కింద సందులో తువ్వాలు కుక్కి, బల్బు ఆపి, రీలును డబ్బాలోకి ఎక్కించేదాకా బయటికి వచ్చేది కాదు.

"లోపల పురుడు పోస్తున్నావా?" అని సూది తలుపు బాదేది. "డ్యూటీకి టైమైందే తల్లీ, మొహమన్నా కడుక్కోనీ."

"వెలుతురు తగిలితే పిల్ల చచ్చిపోతుంది. ఆగు."

"నీ పిల్లలన్నీ చీకట్లోనే పుడతాయి కాబోలు. చూద్దాం, ఎంత తెల్లగా ఉంటాయో."

ప్రతి నెలా మొదటి ఆదివారం, మూడో ఆదివారం సూది పది గంటల పది నిమిషాల బస్సు ఎక్కేది. గేటు దగ్గర రిజిస్టరులో 'లైబ్రరీ' అని రాసేది. ఆదివారం లైబ్రరీ ఉండదన్న సంగతి వార్డెన్‌కి తట్టలేదు. కెమెరాకి తట్టింది గానీ, మొదటి ఏడాది అడగలేదు.

రెండో ఏడాది ఫోటోగ్రఫీ మాస్టారు ఒక పని ఇచ్చాడు. ఒక ప్రయాణం, ఒకే రీలు, ముప్పై ఆరు ఫ్రేములు. అందులోంచి ఒకటి పెద్దది చేసి గోడకు పెట్టాలి. బాగా తీసినవాళ్ళకి డిపార్ట్‌మెంటులో ఉన్న, దూరంలో ఉన్నదాన్ని దగ్గరికి తెచ్చే పొడుగు లెన్సు ఏడాదిపాటు వాడుకునే హక్కు. ఆ లెన్సు బీరువాలో ఉండేది. కెమెరా దాన్ని మొదటి ఏడాది అద్దంలోంచి చూసింది.

ఆ రోజు గుడ్లు ఉడుకుతుండగా అడిగింది. "ఆదివారాలు ఎక్కడికి వెళ్తావే?"

సూది చెప్పింది. పదకొండేళ్ళ కిందట తల్లి ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. తండ్రి గడియారాలు బాగుచేస్తాడు. ఆయన ఆ రోజు చెయ్యెత్తలేదు, గొంతెత్తలేదు. కూతురితో ఒక్కమాట అన్నాడు: దాని మొహం చూసిన రోజు నా మొహం చూడక్కర్లేదు. సూది ఈ కాలేజీలో చేరింది నర్సింగ్ కోసం కాదు. ఇక్కడినుంచి రెండు గంటల దూరంలో, బస్సు చివరి స్టాపు దగ్గర, పుస్తకాలు కుట్టే షాపులో తల్లి పనిచేస్తోందని ఎవరో చెప్పారు. అందుకని చేరింది.

"ఫోన్లో మాట్లాడుకోరా?"

"మా నాన్న గడియారం విప్పినట్టు నా ఫోను విప్పుతాడే. ఒక్క స్క్రూ వదలడు. నంబరు దొరికితే అంతే. అందుకే అమ్మ నంబరు నా దగ్గర లేదు, నా నంబరు అమ్మ దగ్గర లేదు. రెండు ఆదివారాలు, ఒక బస్సు. వస్తే వచ్చినట్టు."

"తెలిస్తే?"

"చదువు అయిపోయినట్టే. అమ్మ కూడా అయిపోయినట్టే."

"నేనూ వస్తాను," అంది కెమెరా. "నాకు ఒక ప్రయాణం కావాలి."

సూది గుడ్డు పెంకు మొత్తం ఒలిచింది. "మొహాలు వద్దు," అంది చివరికి.

"మొహాలు గోడకెక్కించను."

"ఒట్టు?"

"ఒట్టు."

మొదటి ఆదివారం ఇద్దరూ వెళ్ళారు. బస్సు నిండా సంచులు. కెమెరా దారిలో పద్దెనిమిది ఫ్రేములు ఖర్చుపెట్టింది: టికెట్లు కొట్టే చెయ్యి, కిటికీకి ఆనుకుని నిద్రపోయిన సైనికుడి బూట్లు, కమ్మీని పట్టుకున్న వేళ్ళ వరుస. పన్నెండూ పదికి చివరి స్టాపు వచ్చింది. అక్కడ రేకుల షెడ్డు, సిమెంటు బెంచీ ఉన్నాయి. బస్సు పావుగంట ఆగి మళ్ళీ వెనక్కి తిరుగుతుంది. అది పోతే మూడున్నరకే ఇంకో బస్సు.

తల్లి బెంచీ మీద కూర్చుని ఉంది. షాపు మిద్దెమీద నలుగురు ఆడవాళ్ళతో కలిసి పడుకుంటుంది కాబట్టి కూతుర్ని అక్కడికి తీసుకెళ్ళదు. ఈ బెంచీయే ఇల్లు. చేతిసంచిలోంచి దువ్వెన తీసి, కూతుర్ని కింద మెట్టు మీద కూర్చోబెట్టుకుంది.

"జుట్టా ఇది, చీపురా? వార్డులో పేషెంట్లు భయపడటం లేదూ?"

"ఒకాయన నన్ను చూసే లేచి నడిచాడమ్మా."

"నడవడా మరి. పారిపోయి ఉంటాడు."

కూతురికి నాలుగు పాయల జడ వేసింది. మూడు పాయలు అందరూ వేస్తారని, నాలుగోదాన్ని పట్టాలంటే అయిదో వేలు పనిచెయ్యాలని ఆమె అంది. ఆమె వేళ్ళ చివర్లు దారం కోసి కోసి నల్లగీతలు పడి ఉన్నాయి. కెమెరా వెనకనుంచి తీసింది. పక్కనుంచి తీసింది. కింద కూర్చుని తీసింది.

"ఈ పిల్ల మాట్లాడదా?" అంది తల్లి. "కెమెరాకి నోరుండదా?"

"దానికి ఒక కన్నే ఉందమ్మా. మిగతావి అమ్ముకుంది," అంది సూది.

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. నవ్వుతూ ఇద్దరూ కెమెరా వైపు తిరిగారు. కెమెరా నొక్కింది. అది ఇరవై మూడో ఫ్రేము.

"ఏయ్, మొహాలొచ్చాయా?"

"వచ్చినా ప్రింటు వెయ్యను."

తిరిగి వచ్చేటప్పుడు, హాస్టల్ ఇంకో రెండు స్టాపులుందనగా, సూది జడ విప్పేసింది. సీసాలో నీళ్ళు అరచేతిలో పోసుకుని జుట్టు తడిపింది. విప్పిన తరవాత కూడా వంకీలు ఉంటాయి, తడపాలి అంది. ప్రతిసారీ అలాగే చేస్తానని చెప్పింది. కెమెరా అది కూడా తీసింది.

మాస్టారు రీలు చూశాడు. ఒక ఫ్రేము దగ్గర వేలు పెట్టాడు. వెనకనుంచి తీసిన జడ, రెండు చేతులు, వేళ్ళ మధ్య దువ్వెన. మొహాలు లేవు.

"ఇది పెద్దది చెయ్. కింద కాంటాక్ట్ షీటు పెట్టు."

కాంటాక్ట్ షీటంటే రీలు మొత్తాన్ని ఒకే కాగితం మీద, ఫిల్ము ఎంత ఉంటే అంతే, గోరంత బొమ్మలుగా వేసే ముద్ర. మాస్టారి ప్రదర్శనల్లో పెద్ద ఫోటో కింద ఆ షీటు ఉండాలి. కొయ్యకూడదు, చెరపకూడదు. పక్కన దారానికి ఒక భూతద్దం వేలాడుతుంది. "బియ్యం పోసి చూపిస్తే చాలదు, ఏరిన రాళ్ళు కూడా చూపించాలి," అనేవాడు. "లేకపోతే గాలివాటంగా ఒకటి దొరికిందో, వెతికి పట్టారో ఎవడికి తెలుస్తుంది?"

"ఒక ఫ్రేము మూసేయొచ్చా సార్?"

"నల్ల చుక్క పెట్టావనుకో, చూసేవాడి కన్ను మొదట అక్కడికే పోతుంది. ఇబ్బందేమన్నా ఉంటే ఈ రీలు వదిలెయ్. ఇంకోటి ఉందిగా నీ దగ్గర, రైతుబజారుది? అది పెట్టు. నాకు అభ్యంతరం లేదు."

ఇంకోటి ఉంది. కూరగాయల గుట్టలు, తూకాలు, గొడుగులు. పాసవుతుంది. లెన్సు రాదు.

కెమెరా రెండు షీట్లూ టేబులు మీద పక్కపక్కన పెట్టి చూసింది. ఇరవై మూడో ఫ్రేము బొటనవేలి గోరంత ఉంది. వంగితే గానీ కనపడదు. మనుషులు గోడ చూస్తారు గానీ గోడ కింద చూడరు అనుకుంది. ప్రింటు వెయ్యనంది, వెయ్యలేదు. షీటు ప్రింటు కింద లెక్కకాదు అనుకుంది. బస్సు రీలు మాస్టారి చేతికిచ్చింది. సూదికి చెప్పలేదు.

ప్రదర్శన మొదలైన రోజు సూది డ్యూటీ మధ్యలో యూనిఫారంతోనే పరిగెత్తుకొచ్చింది. పెద్ద ఫోటో ముందు నిలబడింది. చెయ్యి వెనక్కి పెట్టి తన జుట్టు తడుముకుంది.

"మొహాలు లేవు," అంది. "థాంక్సే."

"ఊఁ," అంది కెమెరా.

షీటు నడుము ఎత్తున ఉంది. సూది వంగలేదు. తొమ్మిది నిమిషాలు ఉండి వార్డుకి వెళ్ళిపోయింది. సాయంత్రం మాస్టారు మొదటి బహుమతి చీటీ ఆ ఫోటో పక్కన అతికించి, బీరువా తాళం తీశాడు.

అయిదో రోజు సూది తండ్రి వచ్చాడు. వస్తున్నట్టు చెప్పలేదు. గడియారాలకి బ్యాటరీలు, పట్టీలు, ముళ్ళు కొనడానికి వచ్చి, పని తొందరగా అయిపోతే హాస్టల్‌కి వచ్చాడు. వార్డెన్ ఆయన్ని కింద బెంచీ మీద కూర్చోబెట్టి కెమెరాని పిలిచింది.

"మా అమ్మాయి లేదా అమ్మా?"

"డ్యూటీలో ఉందంకుల్. నాలుగింటికి వస్తుంది."

"నాలుగంటే నాలుగా, నాలుగుంబావా?"

"నాలుగుంబావు."

"అలా చెప్పాలి." ఆయన చేతి గడియారం చూసుకున్నాడు. మూడూ పది. "నువ్వేం చదువుతున్నావు?"

"ఫోటోగ్రఫీ."

"ఫోటోలు తియ్యడానికి చదువెందుకమ్మా? మా వీధిలో స్టూడియో అతను ఏడో తరగతి తప్పాడు. పెళ్ళిళ్ళన్నీ అతనే తీస్తాడు. ఒక్క పెళ్ళికూతురు కూడా ఫిర్యాదు చెయ్యలేదు."

ఆయన ఎగతాళిగా అనలేదు. తనకు తెలిసింది చెప్పాడు. కెమెరాకి మాత్రం తగలాల్సిన చోట తగిలింది.

"నాకు ఫస్ట్ ప్రైజు వచ్చిందంకుల్. రండి, చూపిస్తాను."

హాలుకి రెండు నిమిషాల నడక. తలుపు దగ్గరికి వచ్చాక ఆమెకి షీటు గుర్తొచ్చింది. మరిచిపోయి తీసుకెళ్ళిందని చెప్పడానికి లేదు. అయిదు రోజుల్లో ఆ షీటు దగ్గర వంగినవాళ్ళు ఇద్దరే. ఇద్దరూ మాస్టార్లు. ఆయన అప్పటికే బహుమతి చీటీ చదువుతున్నాడు.

పెద్ద ఫోటో ముందు ఆయన ఆగాడు.

"నాలుగు పాయలు," అన్నాడు.

కెమెరా తలుపు వైపు చూసింది.

"ఇలా వేసేవాళ్ళు ఇప్పుడు లేరు." ఫోటో కింద కార్డు ఉంది. చోటు, తేదీ, సమయం రాయాలన్నది మాస్టారి ఇంకో నియమం. ఆయన పైకే చదివాడు. "చివరి స్టాపు. మొదటి ఆదివారం. పన్నెండు నలభై." తరవాత కింద ఉన్న షీటు చూశాడు. "ఈ చిన్నవేంటి?"

"అవా? అవి ఊరికే అంకుల్. టీ తాగుదామా?"

"ఆగమ్మా."

దారానికి వేలాడుతున్న భూతద్దం పట్టుకుని వదిలేశాడు. దాని నిండా వేలిముద్రలున్నాయి. చొక్కా జేబులోంచి చిన్న రేకు డబ్బా తీశాడు. అందులోంచి తన భూతద్దం తీసి కంటికి బిగించుకున్నాడు. చేతులు వెనక్కి కట్టుకుని వంగాడు. మొదటి ఫ్రేము దగ్గర మొదలుపెట్టాడు. ఒక వరుస పూర్తయితే రెండో వరుసకి వచ్చాడు. ముప్పై ఏళ్ళుగా ఆయన పని అదే. చిన్నదాన్ని మొదటినుంచి చివరిదాకా చూడటం, ఎక్కడ ఆగిందో కనుక్కోవడం.

నాలుగో వరుసలో ఆయన తల కదలడం ఆగిపోయింది. హాల్లో ఎవరో ఇద్దరు మాట్లాడుకుంటూ వచ్చి వెళ్ళిపోయారు. ఆయన కదల్లేదు.

"ఇద్దరూ నవ్వుతున్నారు," అన్నాడు.

మిగిలిన పదమూడు ఫ్రేములూ కూడా చూశాడు. బస్సులో జుట్టు తడుపుకుంటున్న ఫ్రేము దగ్గర ఇంకోసారి ఆగాడు. తరవాత భూతద్దం తీసి, తుడిచి, డబ్బాలో పెట్టి మూత వేశాడు.

"బాగా తీశావమ్మా. గోరంత ఉన్నా కనురెప్పలతో సహా తెలుస్తోంది. చదువుకున్న చెయ్యి."

నాలుగుంబావుకి సూది వచ్చింది. బెంచీ మీద తండ్రిని చూసి నవ్వింది.

"ఎప్పుడొచ్చావు నాన్నా? చెప్పనన్నా లేదు!"

"ఫోనివ్వు తల్లీ."

ఇచ్చింది. ఆయన దాన్ని తెరవలేదు. జేబులో పెట్టుకున్నాడు.

"ఎన్నాళ్ళనుంచి?"

"ఏంటి నాన్నా?"

"ఇరవై మూడో నంబరు ఫోటో."

సూదికి అర్థం కాలేదు. కెమెరా వైపు చూసింది. కెమెరా నేల చూసింది. అప్పుడు అర్థమైంది.

ఆయన వార్డెన్‌ని రిజిస్టరు అడిగి తీసుకుని, బల్ల మీద పెట్టి పేజీలు తిప్పాడు. 'లైబ్రరీ' అన్న ప్రతిచోటా వేలు పెట్టాడు. వార్డెన్ పక్కన నిలబడి, "ఆదివారాలు కూడా చదువుతుందండీ, బంగారం లాంటి పిల్ల," అంది.

"ఇరవై ఎనిమిది," అన్నాడాయన. "సామాను సర్దుకో తల్లీ. ఆరున్నరకి బస్సు."

"మూడు నెలల్లో పరీక్షలు నాన్నా."

"పరీక్షలకేం, ఇరవై ఎనిమిది రాశావుగా. అన్నీ పాసయ్యావు. నాకే రిజల్టు ఆలస్యంగా వచ్చింది."

"నాన్నా..."

"అటు వెళ్తానంటే ఇప్పుడే వెళ్ళు. ఆపను. కానీ అటూ ఇటూ తిరిగే బస్సు ఇక ఉండదు. ఎక్కడ దిగుతావో చెప్పు."

ఎక్కడ దిగాలి? అటువైపు ఉన్నది ఒక సిమెంటు బెంచీ. సూది మెట్లెక్కి గదికి వెళ్ళింది.

గదిలో ఇద్దరూ దుప్పటి మడతపెట్టారు. చెరో రెండు మూలలు పట్టుకున్నారు.

"ఎందుకు పెట్టావే?"

"రూలు. షీటు కొయ్యకూడదు."

"ఇంకో రీలు లేదా?"

"ఉంది," అంది కెమెరా. "కానీ బాగోలేదు."

సూది తల ఊపింది. దుప్పటి మూలలు తెచ్చి కెమెరా మూలలకి కలిపింది. కెటిల్ తనది. దాన్ని టేబులు మీదే వదిలేసింది.

"ఇవాళ్టినుంచి మూడోరోజు ఆదివారం. మొదటి ఆదివారం," అంది. "అమ్మ వచ్చి కూర్చుంటుంది. నేను రాకపోతే మూడున్నర దాకా కూర్చుంటుంది. మళ్ళీ పదిహేను రోజులకి వస్తుంది. మళ్ళీ వస్తుంది. ఆమె సంగతి నాకు తెలుసు. నువ్వెళ్ళి ఒక్కమాట చెప్పు. నాన్నకి తెలిసిపోయిందని, కూర్చోవద్దని. నేను ఎలాగోలా కనుక్కుని వస్తానని."

"చెప్తాను. ఒట్టు."

"ఒట్టు వద్దులే. నీ ఒట్టు పెద్ద ఫోటోకే పనిచేస్తుంది. వెళ్ళు, చాలు."

ఆదివారం కెమెరా పది గంటల పది నిమిషాల బస్సు ఎక్కింది. ఎడమవైపు, ఆరో సీటు, కిటికీ పక్క. ఒళ్ళో సంచి, సంచిలో పొడుగు లెన్సు. గెలుచుకున్నాక దాన్ని ఇంకా వాడలేదు. దారిలో చెప్పాల్సిన మాట నాలుగు రకాలుగా అనుకుంది. అన్నింటిలోనూ తల్లి ఒకటే అడిగింది: ఆయనకెలా తెలిసింది?

పన్నెండూ పదికి బస్సు ఆగింది. పద్నాలుగు మంది దిగారు. తల్లి బెంచీ మీదనుంచి లేచి, దిగే ఒక్కొక్కళ్ళ మొహం చూసింది. చేతిలో దువ్వెన అప్పటికే తీసి ఉంది.

ముందు ఒక్కటి తీసి దిగుదాం అనుకుంది కెమెరా. వెలుతురు రేకుల కిందినుంచి పక్కగా వస్తోంది. ఈ లెన్సుకి బస్సు దిగనక్కర్లేదు. ఆమె కళ్ళ కింద గీత కూడా సీటులోంచే తెలుస్తోంది.

ఒకటి తీసింది. చివరి మనిషి దిగాడు. తల్లి మెట్టు దగ్గరికొచ్చి లోపలికి తొంగిచూసింది. రెండు తీసింది. తల్లి వెనక్కి వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. దువ్వెన పళ్ళ మీద బొటనవేలు నడిపించింది. అయిదు, ఆరు, ఏడు.

డ్రైవరు టీ తాగి వచ్చాడు. "ఏమ్మా, దిగవా?"

"రిటర్ను."

"బస్సుని చూడ్డానికొచ్చావా? చూడు, చూడు. నాకు తప్ప దీనికి ఇంకెవరూ లేరు."

ఇంజను మొదలైంది. ఆ చప్పుడుకి తల్లి తలెత్తింది. వరసగా కిటికీలు చూసింది. ఆరో కిటికీలో లెన్సు చూసింది. గుర్తుపట్టి నవ్వింది. చెయ్యెత్తింది. తరవాత ఆమె చూపు కెమెరా పక్క సీటు మీదికి పోయింది. అక్కడ సంచి ఉంది.

నవ్వు పోవడానికి నాలుగు ఫ్రేములు పట్టింది.

తల్లి లేచింది. నడిచింది. బస్సు కదిలింది. ఆమె కూడా పక్కన నడిచింది. తరవాత పరిగెత్తింది. కిటికీ పైన గంట తాడు ఉంది. లాగితే ఆగుతుంది. కెమెరా రెండు చేతులూ లెన్సు మీద ఉన్నాయి. బరువైన లెన్సు, ఒక చేత్తో పట్టుకుంటే కదిలిపోతుంది.

మర్నాడు మాస్టారు తడి షీటు మీద వంగాడు. ఒక్కొక్క వరుసే చూశాడు. చాలాసేపు చూశాడు.

"పోయినసారిది సగమే," అన్నాడు. "ఇప్పుడు పూర్తయింది. ప్రయాణమంటే ఇది."

"థాంక్స్ సార్."

"ముప్పై ఆరోది మసకబారింది."

"లెన్సుకి అందనంత దగ్గరికొచ్చింది సార్."

"ముప్పై అయిదోది పెద్దది చెయ్. నోరు తెరిచి ఉంది. ఏమంటోంది?"

"వినపడలేదు సార్. అద్దం వేసి ఉంది."

"మంచిది. కింద షీటు మర్చిపోకు," అన్నాడు మాస్టారు. దారానికున్న భూతద్దం తీసి, మీద ఉన్న వేలిముద్రలు చొక్కా అంచుతో తుడిచాడు.